ఇంటి కేసులు

పంతొమ్మిదేళ్ళుగా నాకొక సందేహం ఉంది. పొద్దున్నే స్నానం చేసి, దీపం వెలిగించి, దేవుడి ముందు తల వంచుతాను కదా, ఆ దండం ఎవరికి చేరుతోంది? మా ఇంట్లో దేవుడి పటం వెనకాల గోడకి ఒక మేకు ఉంది. ఆ మేకుకి ఇనప బీరువా తాళంచెవి వేలాడుతూ ఉంటుంది. ఆ బీరువాలో తుపాకీ ఉంటుంది. "దేవుడి దగ్గరి వస్తువు మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. అంతకన్నా భద్రమైన చోటు ఇంకేముంది?" అన్నారు మా ఆయన, నేను కాపురానికి వచ్చిన కొత్తలో. తుపాకీ మామగారిది. ఆయన బతికున్న రోజుల్లోనూ తాళంచెవి అక్కడే ఉండేది. పటం మీద దుమ్ము తుడిచినప్పుడల్లా అది గోడకి తగిలి చిన్న చప్పుడు చేస్తుంది. అందరినీ చల్లగా చూడు స్వామీ అనుకుంటాను నేను. ఆ మాట పటం దగ్గరే ఆగుతోందో, దాటుకుని మేకు దాకా పోతోందో తెలియదు. ఒకసారి ఉండబట్టలేక అత్తగారిని అడిగాను. ఆవిడ కణత దగ్గర వేలు గుండ్రంగా తిప్పి, "ఇలాంటివి నీకు తప్ప ఇంకెవరికి తోస్తాయమ్మాయ్" అన్నారు. మళ్ళీ అడగలేదు.

ఈ మధ్య ఒక సాయంత్రం వంటింట్లో కూరగాయలు తరుగుతున్నాను. హాల్లో టీవీ మోగుతోంది. ఎక్కడో దూరదేశంలో ఒకడు బజారులోకి తుపాకీతో దూరి పదకొండు మందిని కాల్చి చంపాడట.

"మెంటల్ వెధవ" అన్నారు మా ఆయన సోఫాలోంచి. "చూడమ్మా, ఇప్పుడందరూ తుపాకుల మీద పడి ఏడుస్తారు. తుపాకీ ఏం చేసింది పాపం? పిచ్చివాణ్ణి ఊరి మీద వదిలినవాళ్ళని అనాలి."

"మరే" అన్నారు అత్తగారు.

"మనింట్లోనూ జాగ్రత్త పడాలి. ఏయ్, వింటున్నావా? చేతిలో కత్తి ఉందేమో, కాస్త దూరంగా పెట్టుకో!"

తల్లీ కొడుకూ నవ్వుకున్నారు. పంతొమ్మిదేళ్ళుగా ఆ కత్తితో ఆయనకి ఉల్లిపాయలు సన్నగా, అత్తగారికి ఇంకా సన్నగా తరిగి పెడుతున్నాను. దానితో తెగినవి నా వేళ్ళు మాత్రమే.

ఆ వార్త వచ్చిన వారానికే మా దగ్గర కూడా నిబంధనలు బిగించారు. తుపాకీ లైసెన్సు మొదటి నుంచీ అయిదేళ్ళకోసారి కొత్తగా రాయించుకోవాల్సిందే. అప్పుడు అధికారి ఇంటికొచ్చి బీరువా చూస్తాడు, తూటాలు విడిగా ఉన్నాయో లేదో చూస్తాడు, ఇంటావిడని ఒక మాట అడిగి సంతకం తీసుకుంటాడు. ఇంట్లో ఆయుధం ఉండటం నాకు సమ్మతమే, నాకు ఎటువంటి భయమూ లేదు అని. ఇదివరకు ఆ మాట అందరి మధ్యా నిలబెట్టి అడిగేవారు. నేను టీ కప్పులు అందిస్తూనే తలూపేదాన్ని. ఇప్పుడు ఇంటావిడని విడిగా కూర్చోబెట్టి అడుగుతారట. మా వంతు వచ్చే బుధవారం.

మా ఆయన చెయ్యెత్తే మనిషి కాదు. ఈ మాట పదిమందికి నేనే గొప్పగా చెప్పాను. ఆయనకి కోపం వస్తే తుపాకీ తుడుచుకుంటారు. భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచి, నూనె సీసా, పొడుగాటి కడ్డీ, గుడ్డ పీలికలు వరుసగా పెట్టుకుంటారు. తీరిగ్గా ఒక్కొక్క ముక్కా ఊడదీస్తూ మాట్లాడతారు. గొంతు పెంచరు. ఎదురుగా కూర్చున్నవాళ్ళదే గొంతు తగ్గుతూ వస్తుంది. ఇంటి ఖర్చు గురించి, మా అమ్మని చూసిరావడం గురించి, నా జీతం పడే బ్యాంకు కార్డు నా దగ్గర ఉంచుకోవడం గురించి నేను మొదలుపెట్టిన మాటలన్నీ ఆ నూనె వాసనలోనే ముగిశాయి. తర్వాత దుప్పటి మడతపెట్టి, బల్ల సబ్బునీళ్ళతో కడిగి, దాని మీదే కంచాలు పెట్టేదాన్ని.

పోయిన నెల మా అమ్మాయి పై చదువుకి వేరే ఊరు వెళ్తానంది. దానికి పదిహేడేళ్ళు. హాస్టల్లో ఉంటానంది. ఆయన దుప్పటి పరిచారు.

"చెప్పు తల్లీ, వింటున్నాను" అంటూ కడ్డీకి గుడ్డ చుట్టారు.

అది రెండు వాక్యాలు చెప్పింది. మూడోది సగంలో ఆగిపోయింది. ముక్కలన్నీ బిగించి బల్ల మీద పడుకోబెట్టినప్పుడు గొట్టం మూతి దాని కుర్చీ వైపుంది. అది లేచి గదిలోకి వెళ్ళిపోయింది.

"ఏమండీ, దాని ముందు ఎందుకండీ ఇవన్నీ?" అన్నాను.

"నేనేమన్నా గురిపెట్టానా? నా వస్తువు నేను తుడుచుకోకూడదా? నీకు అన్నీ విపరీతంగానే కనిపిస్తాయి. మందులు మానేసిన ఫలితం."

ఆ రోజు నుంచి అమ్మాయి బల్ల దగ్గర తినడం మానేసింది. వంటింట్లో నిలబడే నాలుగు ముద్దలు మింగి పోతుంది. లైసెన్సు కబురు వచ్చిన రోజు గిన్నెలు తుడుస్తూ అడిగింది, "అమ్మా, బుధవారం వాళ్ళడిగితే ఏం చెప్తావ్?"

"చూద్దాంలే."

"నువ్వెప్పుడూ చూస్తూనే ఉంటావు" అని గుడ్డ నా భుజం మీద వేసి వెళ్ళిపోయింది.

దాని మాటకి నాకు కోపం రాలేదు, భయం వేసింది. అధికారి ముందు నేను నిజం చెప్తే ఈయన ఏమంటారో నాకు ముందే తెలుసు. దానికి పిచ్చండీ, దాని మాట పట్టించుకోకండి అంటారు. కాదనడానికి నా దగ్గర ఏముంది?

అమ్మాయి పుట్టాక నాకు జబ్బు చేసిన మాట నిజం. ఏడు నెలలు నేను నేనుగా లేను. బిడ్డ ఏడుస్తుంటే ఎక్కడో పక్కింట్లో ఏడుస్తున్నట్టు వినిపించేది. బట్టలు ఆరేస్తూ ఆరేస్తూ ఆ తాడు పట్టుకుని గంటసేపు నిలబడిపోయేదాన్ని. స్నానాలగదిలో కొళాయి కింద కూర్చుని ఎందుకు వచ్చానో మరిచిపోయేదాన్ని. డాక్టరు మందులిచ్చింది. రెండేళ్ళు వాడాను. తగ్గింది. కానీ ఇంట్లో నాకు పెట్టిన పేరు తగ్గలేదు. కూరలో ఉప్పు ఎక్కువైతే జబ్బు తిరగబెట్టినట్టు. తక్కువైతే మతిమరుపు వచ్చినట్టు. నవ్వితే "ఏంటి ఒక్కదానివే నవ్వుతున్నావ్?", ఏడిస్తే "మళ్ళీ మొదలైందిరా నాయనా." వీటన్నిటి మీదా మూత పెట్టే మాట ఒకటుంది. "ఎప్పుడైనా తిరగబెట్టొచ్చని డాక్టరు చెప్పింది." మా అమ్మ దగ్గరికి ఒంటరిగా పంపకపోవడానికి అదే మాట. నేను గుమాస్తాగా చేసే స్కూల్లో నాకు పెద్ద గుమాస్తా ఉద్యోగం ఇస్తామంటే వద్దని ఈయన హెడ్మాస్టరుకి ఫోను చేసి చెప్పిందీ అదే మాట. డాక్టరు ఆ మాట ఆయనతోనే చెప్పిందట. నాతో చెప్పలేదు. పిచ్చిదాన్ని కదా, నాతో ఎందుకు చెప్తుంది అనుకున్నాను.

ఆయనకి ఇనప సామాను దుకాణం ఉంది. దాంతోపాటు ఊళ్ళో తుపాకుల క్లబ్బుకి కార్యదర్శి. ఆ ఆదివారం క్లబ్బులో ఉపన్యాసం ఇవ్వాలట. చంపేది తుపాకీ కాదు, పిచ్చి అని విషయం. కాగితాల కట్ట తెచ్చి నా ముందు పడేశారు.

"స్కూల్లో నువ్వు టైపు కొట్టేది ఇదే కదా. దేశాల లెక్కలన్నీ పట్టికలా కొట్టిపెట్టు. ఎక్కడెక్కడ పిచ్చివాళ్ళు ఎంతమందో, ఎంతమంది చచ్చారో. శనివారానికి కావాలి."

స్కూల్లో ఎనిమిది గంటలు కొట్టి వచ్చి, వంట చేసి, బట్టలు ఉతికి, బల్ల తుడిచి, అదే బల్ల మీద కొట్టడం మొదలుపెట్టాను. నాకు పెద్ద చదువు లేదు. ఒక వరుసలో అంకె పక్క వరుసలో అంకెతో పోల్చుకోవడం మాత్రం తెలుసు. రోజంతా చేసేది అదే.

జనం కన్నా తుపాకులే ఎక్కువున్న దేశం ఒకటుంది. ఈ కాల్పుల్లో ఎక్కువ భాగం అక్కడే. ఇంకో దేశంలో వేటతుపాకీ కొనాలన్నా క్లాసులో కూర్చుని పరీక్ష రాయాలి, డాక్టరు కాగితం తేవాలి, పోలీసులు వచ్చి చుట్టుపక్కల వాళ్ళని కూడా అడుగుతారు. అక్కడ ఏడాది మొత్తానికి తుపాకీతో చచ్చేవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మరో దేశంలో సుమారు ముప్ఫై ఏళ్ళ కిందట ఒక్కడు ముప్ఫై అయిదు మందిని చంపితే, ప్రభుత్వం కొన్ని రకాలని నిషేధించి, లక్షల తుపాకులు డబ్బిచ్చి మరీ వెనక్కి తీసుకుని నుజ్జు చేసింది. ప్రార్థన చేసుకుంటున్నవాళ్ళ మీద కాల్పులు జరిగిన ఒక చిన్న దేశంలో నెల తిరక్కుండా చట్టం మార్చారు. మగవాళ్ళు సైన్యం తుపాకీ ఇంటికి తెచ్చుకునే కొండల దేశం ఒకటుంది, కానీ సైన్యం తూటాలు ఇప్పుడు ఇంట్లో ఉంచుకోనివ్వరు.

మనసు జబ్బుల వరుస దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగింది. ఆ దేశాలన్నిటిలోనూ అంకె కాస్త అటూ ఇటూగా ఒకటే. ఏ దేశమూ పిచ్చివాళ్ళ దేశం కాదు, ఏదీ బుద్ధిమంతుల దేశమూ కాదు. తప్పు కొట్టానేమోనని మళ్ళీ చూశాను. అదే. కింద చిన్న అక్షరాల్లో ఇంకో సంగతి ఉంది. జరిగే హింసలో మనసు జబ్బు వల్ల జరిగేది నూటికి నాలుగైదు పాళ్ళేనట. జబ్బున్నవాళ్ళు ఇంకొకరిని కొట్టేదానికన్నా దెబ్బలు తినేదే ఎక్కువట.

దేవుడి వైపు తిరిగి అడిగాను. స్వామీ, కన్నీళ్ళూ కలతలూ నువ్వు అన్ని ఊళ్ళకీ సమానంగానే పంచావు కదా. మరి చావులు ఒక్కచోటే ఎందుకు పోగుపడ్డాయి? నువ్వు పంచనిది ఏదో అక్కడ ఎక్కువుంది. అది ఏ వరుసలో ఉందో నాకు కనిపిస్తూనే ఉంది. ఆయనకి ఎందుకు కనిపించడం లేదు?

ఆ కట్టలోనే మరో పట్టిక ఉంది. ఇంట్లో మొదలైన చావులది. భార్యని, తల్లిని, పిల్లల్ని కాల్చి ఆ తర్వాత వీధిలోకి వచ్చినవాళ్ళు, లేదా వీధిలోకి రాకుండా ఇంట్లోనే ముగించినవాళ్ళు. ఈ కాల్పుల్లో సగానికి సగం కేసుల్లో అంతకుముందో అప్పుడో దెబ్బ తిన్న ఇంటి ఆడమనిషి ఒకరున్నారు. ఇప్పటి బజారు కాల్పుల వార్త కూడా అందులో పెట్టారు. మొత్తం చదివితే చివరి పేరాలో ఉంది, అతను బజారుకి బయల్దేరే ముందు ఇంట్లో భార్యని కాల్చాడని. బజారులో చచ్చినవాళ్ళు పదకొండు. నేను పన్నెండు అని కొట్టాను.

శనివారం ఆయన కళ్ళజోడు పెట్టుకుని కాగితాలు తిరగేశారు.

"ఇదేంటి పన్నెండు?"

"వాళ్ళావిడతో కలిపి."

"ఎవరావిడ?"

"అతని భార్యండీ. ముందు ఆవిడనే చంపాడు."

"అది ఇంటి కేసు. అది ఇందులోకి రాదు. జనం మధ్య జరిగితేనే సామూహిక కాల్పులు. ఇంట్లో జరిగేవి ఇంటి గొడవలు, ప్రతి ఊళ్ళోనూ ఉండేవే. ఈ ఇంటి కేసుల వరుస మొత్తం తీసెయ్. మనసు జబ్బుల అంకెలు కూడా వద్దు, అయోమయంగా ఉన్నాయి. పిచ్చి అని ఒక మాట వేస్తే చాలు."

"అంకెలు ఒకేలా ఉన్నాయనా?"

"నిన్ను ఆలోచించమన్నానా, కొట్టమన్నానా?"

తీసేశాను. ఒక మీట నొక్కితే ఒక వరుస పోయింది. ముందుగా చచ్చిపోయిన ఆవిడ, అందరికన్నా ముందు ఆ తుపాకీ మూతిని చూసిన ఆవిడ, ఆవిడ అరుపు ఎవరికైనా వినిపించి ఉంటే ఆ పదకొండు మందీ సాయంత్రం సంచులు పట్టుకుని ఇళ్ళకి చేరేవాళ్ళు కదా. ఆవిడని నా వేలితో నేనే తుడిచేశాను. ఆ వేలు ఇప్పటికీ నాకు కడగాలనిపిస్తుంది.

సోమవారం మా స్కూల్లో అభ్యాసం జరిగింది. ఎవరైనా తుపాకీతో వస్తే పిల్లలు ఏం చేయాలో నేర్పడం. గంట కొట్టే పని నాది. "మీరు ప్రశాంతంగా గంట కొట్టండి చాలమ్మా, మీరే కంగారుపడి ఏడ్చేస్తే పిల్లలు జడుసుకుంటారు. ఈ మధ్య ఆరోగ్యం బాగానే ఉంటోందా?" అన్నారు హెడ్మాస్టరు అందరి ముందూ. మా ఆయన ఫోను చేసిన నాటి నుంచీ ఆయన పలకరింపు ఇదే. గంట కొట్టాను. లైట్లు ఆర్పేశారు. రెండో తరగతి పిల్లలు బల్లల కింద మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చున్నారు. తలుపు గొళ్ళెం చూడటానికి వెళ్ళిన నన్ను ఒక పాప చీర అంచు పట్టుకుని గుసగుసగా అడిగింది, "ఆంటీ, ఇంట్లోకి వస్తే ఏ బల్ల కింద దాక్కోవాలి?"

చీర అంచు విడిపించుకుని తలుపు దగ్గరికి నడిచాను. మా ఇంట్లో తుపాకీ బల్ల మీదే ఉంటుంది.

నేను ఇంకొకరికి బాకీ ఉన్నాను. డబ్బు కాదు, ఒక మాట. మా మరిదికి దుకాణంలో రావాల్సిన వాటా గురించి ఆరేళ్ళ కిందట మా తోడికోడలు అడిగింది. మరిదికి నోరు లేదు, అందుకని తను అడిగింది. మా ఆయన దుప్పటి పరిచారు. తను బెదరలేదు. కడ్డీ ఆడుతూనే ఉంది, తను అడుగుతూనే ఉంది. అప్పుడాయన తుపాకీ ఎత్తి, ఒక కన్ను మూసి, మా తోడికోడలి నుదుటికి సూటిగా పట్టి, "ఇప్పుడు అడుగు మరదలా" అన్నారు. మీట నొక్కారు. టప్పుమంది. ఖాళీది. ఆయన పడీ పడీ నవ్వారు. తను కూర్చున్న కుర్చీ తడిసిపోయింది.

మర్నాడు పెద్దవాళ్ళు కూర్చున్నారు. అంతా కట్టుకథ అన్నారు మా ఆయన. "అక్కా, నువ్వు గుమ్మంలోనే ఉన్నావు. చూశావు కదా, చెప్పక్కా" అంది తను. అందరూ నా వైపు తిరిగారు. "నేను వంటింట్లో ఉన్నాను. చూడలేదు" అన్నాను. తను నన్ను తిట్టలేదు. అరనిమిషం చూసి తల దించుకుంది. వాటా లేదు, మాట లేదు, నెల తిరక్కుండా వాళ్ళు వేరే ఊరు వెళ్ళిపోయారు. ఆస్తి కోసం అబద్ధాలాడిన మనిషి అని చుట్టాల్లో పేరు పడింది. కుర్చీ కడిగింది నేనే.

మంగళవారం సాయంత్రం మా ఆయన తుపాకీ ఫైలు నా చేతికిచ్చారు. "రేపు ఆ అధికారి ముందు తడుముకోకుండా అన్నీ తేదీల వరసలో పెట్టు" అన్నారు. అడుగున మామగారి లైసెన్సు, పైన ఈయన పేరుకి మార్చిన కాగితాలు. పదిహేనేళ్ళ కిందటివి. వాటి మధ్య ఒక కాగితం నా పేరుతో ఉంది. నాకు మందులిచ్చిన డాక్టరు రాసింది. నేను పూర్తిగా కోలుకున్నానని, మందులు ఆపేశామని, ఏడాదిగా ఏ లక్షణమూ లేదని, తన భార్య ఆరోగ్యం గురించి ఆయుధ లైసెన్సు నిమిత్తం భర్త కోరగా ఇస్తున్నానని. కింద సంతకం, ముద్ర. దాని వెనకే దరఖాస్తు. ఇంట్లో మానసిక వ్యాధిగ్రస్తులు ఎవరైనా ఉన్నారా? మా ఆయన దస్తూరీ, గుండ్రటి అక్షరాలు. లేరు. అయిదేళ్ళ తర్వాతది, లేరు. ఆ తర్వాతది, లేరు. రేపటిది, లేరు.

కాగితం మీది తేదీ నుంచి వేళ్ళ మీద లెక్కపెట్టాను. పదిహేనేళ్ళు. నేను బాగున్నానన్న సంగతి బీరువాలో తుపాకీ పక్కన పడుకుని ఉంది. ఆ బీరువాని వారం వారం తుడిచింది నేనే. తుపాకీకి నా బుద్ధి కావాలి కనక కాగితం మీద నాకు బుద్ధి ఉంది. ఇంట్లో నా నోరు మూతపడాలి కనక ఇంట్లో నాకు పిచ్చి. ఎక్కడ ఏది అవసరమో చూసుకుని వాడుకున్నారు, దుకాణంలో మేకులకి ఒక డబ్బా, బోల్టులకి ఒక డబ్బా పెట్టుకున్నట్టు. ఉప్పు ఎక్కువైనప్పుడల్లా నేను అద్దంలో నా కళ్ళు చూసుకుని మళ్ళీ వస్తోందేమోనని వణికిన రోజులు ఎన్ని! పిల్లకి అన్నం కలిపి పెడుతూ, దీన్ని నేనేమైనా చేసేస్తానేమో అని దేవుడికి దండాలు పెట్టిన రోజులెన్ని! నా ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళూ మండాల్సిందంతా ఒక్కసారే మండింది.

అయినా అరవలేదు. కాగితం ఎక్కడిది అక్కడ పెట్టి, టీ ఇస్తూ మామూలుగా అడిగాను.

"ఏమండీ, నా జబ్బు తగ్గిందని డాక్టరు ఎప్పుడైనా చెప్పిందా?"

"తగ్గడమేంటి, అది తగ్గే జబ్బా? నీకు చెప్పి బాధపెట్టడం ఎందుకని ఊరుకున్నాం. రేపు ఎక్కువ మాట్లాడకు. భయం లేదు అను, సంతకం పెట్టు."

"నేను నలభై ఏళ్ళు పెట్టలేదా సంతకాలు" అన్నారు అత్తగారు మంచం మీద నుంచి. నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ గోడ వైపు తిరిగారు.

బుధవారం పదింటికి గేటు చప్పుడైంది. నడివయసు ఆవిడ, చంకలో ఫైలు, జేబులో పెన్ను. వెనక ఒక కానిస్టేబులు. మా ఆయన గేటు బయటికి తొంగిచూశారు.

"సార్ ఎప్పుడొస్తారు?"

"వచ్చారు. నేనే."

ఆవిడ బీరువా చూసింది, తూటాల డబ్బా లెక్కపెట్టింది, దేవుడి పటం వెనక తాళంచెవి చూసి "ఇంట్లో అందరికీ తెలిసిన చోటే" అని రాసుకుంది. తర్వాత, "మీ ఆవిడతో మాట్లాడాలి. మీరు ఇక్కడే ఉండండి" అంది.

"ఆవిడకేం తెలుసండీ, మా ఆవిడకి కొంచెం..." అని మొదలుపెట్టి మా ఆయన టక్కున ఆగిపోయారు. వేలు కణత దాకా వెళ్ళి, అక్కడి నుంచి జుట్టు సర్దుకుంది.

"కొంచెం?" అంది ఆవిడ.

"కొంచెం మొహమాటం."

వంటింటి తలుపు మూసి ఎదురుగా పీట మీద కూర్చుందావిడ. కాగితంలో ఉన్నదే చదివింది. ఇంట్లో ఆయుధం ఉండటం మీకు సమ్మతమేనా? ఎవరికైనా భయం ఉందా? నా చేతులకి సబ్బు నురగ ఇంకా ఉంది. అబద్ధం చెప్పి ఆ నోటితోనే రేపు దేవుడికి దండం ఎలా పెట్టను?

"భయం ఉందండీ" అన్నాను. "ముందు ఆరేళ్ళ కిందటి సంగతి రాసుకోండి. మా తోడికోడలి నుదుటికి గురిపెట్టి మీట నొక్కారు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. అప్పుడు అడిగితే చూడలేదన్నాను. అది అబద్ధం."

ఆవిడ తలెత్తి నన్ను చూసి, రాయడం మొదలుపెట్టింది. తోడికోడలి గురించి చెప్పాను, అమ్మాయి కుర్చీ గురించి, దుప్పటి గురించి, ఏ ఏ రోజున ఏ ఏ మాట అడిగితే ఆ దుప్పటి పరిచారో తేదీలతో సహా చెప్పాను. గుమాస్తా బుర్ర కదా, తేదీలు గుర్తుంటాయి. ఆవిడ మూడు కాగితాలు నింపి నాతో సంతకం పెట్టించింది. ఆ రాత కింద సంతకం పెట్టాను. సమ్మతి పత్రం ఖాళీగా వదిలేశాను.

హాల్లోకి వచ్చి ఆవిడ, "విచారణ పూర్తయ్యేదాకా ఆయుధం, తూటాలు మా దగ్గరుంటాయి" అంది. కానిస్టేబులు బీరువా దగ్గరికి నడిచాడు.

మా ఆయన మొహం నల్లబడింది. "ఏం చెప్పావే? నీకేమన్నా పిచ్చి పట్టిందా?"

ఆవిడ ఫైలు తెరిచింది. "మీరు పెట్టిన డాక్టరు కాగితం ప్రకారం లేదు. నిన్న మీరు సంతకం చేసిన దరఖాస్తు ప్రకారమూ లేదు. ఇప్పుడు పట్టిందంటారా? అంటే చెప్పండి, రాసుకుంటాను. తప్పుడు సమాచారం ఇచ్చారని అది ఇంకో కేసు." పెన్ను మూత తీసి ఎదురుచూసింది.

పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ మనిషి దగ్గర నాకు పెట్టడానికి పేరు లేకపోయింది.

"ఊరికే కోపంలో అన్నాడమ్మా" అన్నారు అత్తగారు.

"కోపం గురించే రాసుకున్నానండీ" అంది ఆవిడ.

వెళ్ళే ముందు గేటు దగ్గర నా చేతిలో ఒక నంబరు పెట్టి, "ఇవాళ, రేపు ఇక్కడ ఉండకండి. ఎక్కడికైనా వెళ్ళగలరా?" అని అడిగింది. మా అక్క ఇంటికి వెళ్తామన్నాను. మాకు రెండు సంచులు అమ్మాయి అప్పటికే సర్దేసింది. నేను చెప్పకుండానే సర్దింది. నా జీతం కార్డు జేబులోంచి తీసి ఇచ్చెయ్యమని ఆయనకి ఆవిడే కానిస్టేబులుతో చెప్పించింది. ఆవిడ జీపు మమ్మల్ని బస్సుల దగ్గర దింపింది.

బెంచీ మీద అమ్మాయి నా పక్కనే కూర్చుని రొట్టె తింటోంది. తొందర లేకుండా, కూర్చుని తింటోంది. బస్సుకి ఇంకా ఇరవై నిమిషాలుంది. నేను ఫోను తీసి ఆరేళ్ళుగా నొక్కని నంబరు నొక్కాను. మా తోడికోడలు ఎత్తింది. వెనక ఎక్కడో నీళ్ళు పడుతున్న చప్పుడు.

"నేనే" అన్నాను. "ఆ రోజు నేను గుమ్మంలో ఉన్నాను. చూశాను. నువ్వు చెప్పింది ప్రతి ముక్కా నిజం. ఇవాళ పోలీసు కాగితం మీద రాయించి సంతకం పెట్టాను. అన్నిటికన్నా ముందు నీ సంగతే రాయించాను."

నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. కొళాయి కట్టేసినట్టుంది. తన గొంతు సన్నగా వినిపించింది.

"ఇంకోసారి చెప్పక్కా. ఈయన్ని పిలుస్తాను, ఈయన కూడా వింటారు."

పిలిచింది. వాళ్ళిద్దరికీ వినపడేలా మళ్ళీ చెప్పాను.